మనిషి బయల్దేరేటప్పుడు కుక్కను పిలవడం

మా కుక్కకు పిలిస్తే వచ్చే అలవాటు నేర్పడానికి నాకు దాదాపు నెలన్నర పట్టింది. అందులో మొదటి రెండు వారాలు కుక్కకు నేర్పడంలో గడవలేదు, మా అత్తమ్మతో వాదించడంలో గడిచాయి. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

కుక్క నాది. హసన్‌పర్తిలో నేను పాఠాలు చెప్పే కాలేజీ వెనుక, మూలకు పడి ఉన్న పాత బస్సు కింద ఒక వీధికుక్క ఈనింది. మిగతా పిల్లలు ఎటు పోయాయో తెలియదు, ఇదొక్కటే మిగిలింది. గోధుమరంగు ఒళ్లు, ముందుకాళ్లు రెండూ తెల్లన. సంచిలో వేసుకుని బస్సెక్కి మట్టెవాడలో మా ఇంటికి తెచ్చాను. అప్పుడు అరచేతిలో పట్టేది. తొమ్మిది నెలలు నిండేసరికి, గేటు జానెడు తెరుచుకుంటే చాలు, ఆ సందులోంచి బాణంలా బయటపడేంత అయింది. దాని ఒంట్లో ఉన్న శక్తిలో నాలుగోవంతు నా విద్యార్థుల్లో ఉంటే నా ఉద్యోగం ఇంకోలా ఉండేది.

ఇల్లు ఇరుకు. కింద రెండు గదులు, పైన డాబా. ముందు చిన్న వాకిలి, దానికి ఇనుప గేటు. ఇంట్లో మేం ముగ్గురం: నేను, నా భర్త, ఆయన తల్లి. నా భర్తకు మెయిన్ రోడ్డు మీద మోటార్ వైండింగ్ దుకాణం ఉంది. బావుల దగ్గర కాలిపోయిన మోటార్లు, మరమగ్గాల మోటార్లు అక్కడికి వస్తాయి. రోజూ ఎనిమిదిన్నరకు స్కూటర్ తీస్తారు. గేటు పూర్తిగా తెరుచుకునేది అప్పుడే. కుక్క దూకేది కూడా అప్పుడే.

ఒట్టి పరుగే అయితే ఎవరికీ బాధ లేదు. కాని మా గేటుకు ఎడమవైపు సందు చివరిదాకా ఒక చేనేత దంపతులకు పని స్థలం. మా పక్కిల్లు వాళ్లది. చుట్టుపక్కల చాలామంది మరమగ్గాలకు మారారు, ఇంకొందరు పనే మానేశారు. ఈ ఇద్దరు మాత్రం ఇంకా చేమగ్గం మీద దుప్పట్లు, తువ్వాళ్లు నేస్తారు. నెలకో, నెలన్నరకో ఒకసారి పొద్దున్నే కొత్త పడుగును, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులను, సందు పొడవునా పరుస్తారు. రెండు చివర్లా కర్రలకు బిగించి, నడుమ నడుమ ఆసరాలు పెట్టి, గంజి రాసి, పెద్ద కుంచెతో దువ్వుతారు. వందల పోగులు, నడుము ఎత్తున, వాన గీతల్లా. ఎండ ముదిరేలోపు ఆ పని అయిపోవాలి. గంజి ఆరేలోపు పోగులన్నీ విడివిడిగా ఉండాలి. ఆ రెండు మూడు గంటలు ఆ ఇద్దరూ మాట్లాడుకోరు కూడా, ఒకరి చేతులను ఒకరు చూసుకుంటూ నడుస్తారు.

ఎండాకాలం మొదట్లో ఒకరోజు మా కుక్క ఆ పడుగులోకి దూకింది. కిందినుంచి దూరినా బాగుండేది. ఎగిరింది, కాళ్లు ఇరుక్కున్నాయి, భయపడి గింజుకుంది. నేను పరుగెత్తి వెళ్లేసరికి తెగిన పోగులు దాని కడుపు కింద వేలాడుతున్నాయి. ఆ దంపతులు మధ్యాహ్నం దాకా వంగి కూర్చుని ఒక్కొక్క పోగూ అతికారు. నేనూ సాయం కూర్చున్నాను. నా వేళ్లు కట్టిన ముడులను ఆ ఇద్దరిలో భార్య విప్పి మళ్లీ కట్టడం చూసి, లేచి టీ పెట్టుకొచ్చాను. అంతకంటే పనికొచ్చేది నా చేత కాలేదు.

ఆ దంపతుల్లో భర్తను నేను మామ అని పిలుస్తాను. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. సాయంత్రం గేటు దగ్గరికి వచ్చి నిలబడి, కుక్క వైపు చూడకుండా నాతో అన్నాడు:

"చూడు బిడ్డా, మూగజీవాన్ని ఏమంట? గని మళ్ల పడుగేసేటాలకు అది గిట్లనే ఉంటే నేను ఊకోను. ఎటన్న ఇడిసి రావాలె మీరు."

ఆయన కోపంగా అన్నా నాకు నయంగా ఉండేది. తప్పంతా మాదే. నా భర్త వెంటనే ఒప్పుకున్నారు. నెక్కొండ నుంచి దుకాణానికి వచ్చే రైతు ఒకాయన, చేను దగ్గరికి ఒక కుక్క కావాలని ఎప్పటినుంచో అడుగుతున్నాడట. మళ్లీ పడుగు వేసేలోపు ఇది పిలిస్తే రావడం నేర్చుకోకపోతే నెక్కొండకు పోవాలి. చేను బావుంటుందని, పరుగెత్తడానికి బోలెడు జాగా ఉంటుందని ఆయన చెప్పారు. అదంతా నిజమే. అయినా నాకు దాన్ని పంపడం ఇష్టం లేదు. నేను రాసుకుంటుంటే అది బల్ల కింద నా పాదాల మీద తల పెట్టి పడుకుంటుంది. ఇంతకుమించి చెప్పుకోదగ్గ కారణం నా దగ్గర లేదు.

మర్నాటినుంచి మొదలుపెట్టాను. ఇంట్లో, డాబా మీద "దా" అంటే కొన్నిసార్లు వచ్చేది, కొన్నిసార్లు రాకపోయేది. అసలు పరీక్ష ఎనిమిదిన్నరకు. స్కూటర్ గేటు దాటింది, కుక్క దూకింది, నేను గట్టిగా "దా!" అన్నాను. కుక్క ఆగలేదు. లోపలినుంచి అత్తమ్మ నన్ను ఆపింది.

"ఎనుకకెల్లి పిలుస్తవేంది పిల్లా? వాడు బయటికి పోతాండు గద!"

బయల్దేరిన మనిషిని వెనుకనుంచి పిలవకూడదు. ఎటు పోతున్నావని అడగకూడదు. పిలిస్తే ఆ పని జరగదు. పిలుపు ఎవరికోసమైనా సరే, పోయే మనిషి చెవిన పడితే లెక్కే. పడిందా, ఆ మనిషి వెనక్కి రావాలి, కాసేపు కూర్చోవాలి, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. ఇది మా అత్తమ్మ చట్టం. ఆమె ఒక్కదానిదే కాదు, మా చుట్టుపక్కల సగం ఇళ్లలో ఇదే చట్టం.

నా గురించి ఒక మాట చెప్పాలి. చదువుకునే రోజుల్లో చర్చావేదికల మీద పెరిగినదాన్ని. గ్రహణం పూట రోడ్డు మీద టేబుళ్లు వేసుకుని అన్నం తిన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ముహూర్తం పెట్టకపోతేనే పెళ్లి చేసుకుంటానన్నాను, అలాగే చేసుకున్నాను. దానికి అత్తమ్మ అడ్డు చెప్పలేదు. మంగళవారం తలకు పోసుకున్నా ఏమీ అనలేదు. ఈ ఒక్కటి మాత్రం వదలలేదు. దీని వెనుక ఏదో విషాదం ఉంటుందేమో, ఎప్పుడో ఎవరినో పిలిచి ఉంటుంది, వాళ్లకేదో జరిగి ఉంటుంది అనుకుని ఒకసారి అడిగాను కూడా. అలాంటిదేం లేదంది. వాళ్లమ్మ చెప్పింది, వాళ్లమ్మకు వాళ్లమ్మ చెప్పింది, అంతే. మూఢనమ్మకాల్లో నాకు అన్నిటికంటే చిరాకు పుట్టించేది ఈ రకమే. కారణం ఉన్నదానితో పోట్లాడవచ్చు. కారణమే లేనిదాన్ని ఎక్కడ పట్టుకోవాలి?

కాబట్టి ప్రతి ఉదయం ఒకటే తంతు. నేను కుక్కను పిలుస్తాను. అత్తమ్మ నన్ను ఆపుతుంది. పిలుపుకూ ప్రమాదానికీ సంబంధం ఏమిటో చూపించమని నేను అడుగుతాను, గొంతు పెంచుతాను. నా భర్త సందు మొదట్లోనే బండి ఆపి, ఒక కాలు నేల మీద పెట్టి, మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, బండి తిప్పుకుని వచ్చి, వాకిట్లో కుర్చీలో కూర్చుని నీళ్లు తాగుతారు. ఆయనకు నమ్మకం లేదు, కాని నీళ్లు తాగితే గొడవ తొందరగా అయిపోతుంది. ఈలోగా కుక్క సందు చివర కనపడ్డ ప్రతి వస్తువునూ వాసన చూసి, తన ఇష్టమొచ్చినప్పుడు తిరిగి వచ్చేది. అది రాగానే మెడ బెల్టు పట్టి లాక్కెళ్లి గొలుసు వేసేదాన్ని. ఒకరోజు మడిచిన పేపరుతో వీపు మీద ఒకటి వేశాను కూడా. అది చెవులు వాల్చి, తోక లోపలికి ముడిచి కూర్చుంది. చూశారా, తప్పు చేశానని దానికి తెలుసు అన్నాను.

అత్తమ్మ బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు. "అది ఒచ్చినందుకు గొట్టినవ్ నువ్వు," అంది.

నాకు ఆ క్షణంలో ఆ మాట ఎక్కలేదు. ఇలాంటి నియమాలు పట్టుకున్నవాళ్లకు తర్కం ఉండదని నాలో ఎక్కడో ఒక ధీమా ఉండేది.

రెండో వారం చివర ఒక నోటుపుస్తకం పెట్టాను. వాదనతో తేలని సంగతి గమనిస్తే తేలుతుందని విద్యార్థులకు చెప్పేదాన్ని కదా. ఎప్పుడు పిలిచాం, ఎవరు పిలిచారు, వచ్చిందా లేదా, వచ్చాక ఏమైంది. వారం రాశాను. అత్తమ్మ పిలిస్తే దాదాపు ప్రతిసారీ వచ్చింది. నేను పిలిస్తే ఎప్పుడో ఒకసారి. తిండి పెడుతుందేమో, అందుకే వస్తుందేమో అనుకున్నాను. కాని ఆమె ఏమీ పెట్టడం లేదు. మంచం మీద కూర్చుని "దా బిడ్డా" అంటుంది, వీపు మీద చెయ్యి వేస్తుంది, పో అంటుంది. అంతే. నా పిలుపుల పక్కన చివరి వరుసలో ఏముందో చదువుకుంటే ముఖం చెల్లలేదు. పిలిచాను, వచ్చింది, స్నానం చేయించాను. పిలిచాను, వచ్చింది, గొలుసు వేశాను. పిలిచాను, వచ్చింది, చెవిలో మందు పోశాను. డాబా మీద హాయిగా ఆడుకుంటుంటే పిలిచాను, తలుపు మూశాను. పుస్తకం పెట్టకముందైతే, పిలిచాను, వచ్చింది, కొట్టాను.

నా నోట్లో "దా" అంటే దానికి ఆట అయిపోయిందని అర్థం. బుర్ర ఉన్న ఏ జంతువు మాత్రం వస్తుంది?

ఇక ఆ చెవులు వాల్చడం. కుక్క తన నేరాన్ని గుర్తుచేసుకుని పశ్చాత్తాపపడుతోందని నేను ఏ ఆధారంతో నమ్మాను? అది నా ముఖం చూసి జడుసుకుంది, అంతకుమించి నాకు కనిపించింది ఏమీ లేదు. మిగతాదంతా నేను ఊహించి, ఊహను నిజమనుకుని, ఆ నిజం ఆధారంగా ఒక ప్రాణిని కొట్టాను. మూఢనమ్మకం గురించి నేను రాసిన వ్యాసాలన్నిటిలోనూ దానికి ఇచ్చిన నిర్వచనం సరిగ్గా ఇదే. అత్తమ్మ నమ్మకం వల్ల ఆమె కొడుకు రోజూ ఒక గ్లాసు నీళ్లు ఎక్కువ తాగాడు. నా నమ్మకం వల్ల కుక్క దెబ్బ తింది.

ఈ మాట ఆమెతో అనడానికి రెండు రోజులు పట్టింది. ఆమె పెద్దగా సంబరపడలేదు. "పొద్దున పొద్దున నువ్వు దాన్ని పిలుస్తలేవు, నాతోని కొట్లాడుతానవ్. గది దానికి ఎరికైతాంది," అంది.

అది కూడా నిజమే. నోటుపుస్తకంలో ఇంకో సంగతి ఉంది. గేటు దగ్గర, బండి కదిలే సమయంలో కుక్కను ఎవరూ మామూలుగా పిలిచిందే లేదు. అత్తమ్మ పిలవదు. నా భర్త పోయే మనిషి. నేను పిలిచేది పోట్లాటకు. నేను కాలేజీకి తొందరగా పోయిన రోజుల్లో ఇల్లంతా నిశ్శబ్దం. అంటే కుక్క మా దగ్గర నేర్చుకున్నది ఒకటుంది: స్కూటర్ స్టాండు తీసిన చప్పుడు వినపడిందంటే మనుషుల నోళ్లు పడిపోతాయి, ఇక తనను అడిగేవాళ్లు లేరు. ఇంత చక్కగా, ఒక్కరోజూ తప్పకుండా, ఇంటిల్లిపాదీ కలిసి దానికి పారిపోవడం నేర్పాం. ఇంకో ఊరి కుక్కకు ఈ చదువు దొరకదు.

నా పిలుపు పాడైపోయింది కాబట్టి మార్చాను. రెండు చప్పట్లు. మాంసం కొట్టు నుంచి మేక కాలేయం, అదే కార్జం, తెప్పించి, ఉడకబెట్టి, గోరంత ముక్కలు కోసి డబ్బాలో పెట్టుకున్నాను. డాబా మీద ఒక చివర నేను, ఇంకో చివర అత్తమ్మ. నేను చప్పట్లు కొడితే నా దగ్గర ముక్క. ఆమె "దా" అంటే ఆమె దగ్గర ముక్క. వచ్చాక పట్టుకోవడం లేదు, కట్టేయడం లేదు. ముక్క పెట్టి, మెడ కింద గోకి, మళ్లీ వదిలేయడమే. తరవాత బట్టలారేసే తాడు ఒకటి పొడుగుది బెల్టుకు కట్టి సందులో. రాకపోతే తాడు మెల్లగా ఆపుతుంది, కాని పిలుపు ఒక్కసారే. పదిసార్లు పిలిస్తే తొమ్మిది పిలుపులు వినక్కర్లేదని నేర్పినట్టు. స్నానానికీ, మందుకూ పిలవడం మానేశాను. నేనే దాని దగ్గరికి నడిచి వెళ్లేదాన్ని. వారంలో మార్పు కనపడింది. పావురాన్ని తరుముతూ కూడా చప్పట్లు వింటే వెనక్కి తిరిగేది.

గేటు సమస్య మాత్రం అలాగే ఉంది. చప్పట్లు పిలుపు కిందికి రావు కదా అని అత్తమ్మను అడిగాను. ఒక మూఢనమ్మకంలో వెసులుబాటు కోసం బేరం ఆడుతున్నానని తెలిసే అడిగాను.

"చప్పట్లు గొడితే మనిషి ఎనుకకు మర్రి సూస్తడా సూడడా? సూస్తె పిలిచినట్టే."

ఇక్కడ నేను జాగ్రత్తగా ఉండాలి. బండి నడిపే మనిషి వెనక్కి తిరిగి చూస్తే ప్రమాదమే, కాబట్టి పెద్దలు ఎంతో ముందుచూపుతో ఈ నియమం పెట్టారు అని ఇప్పుడు ఎవరో ఒకరు అంటారు. ప్రతి మూఢనమ్మకం కిందా ఒక శాస్త్రం దాక్కుని ఉంటుందనే ఈ వాదనంటే నాకు ఒళ్లు మంట. అత్తమ్మ అలా అనలేదు. అశుభం అంది. కారణాన్ని ఆమె నోట్లో పెట్టడం నేను చేయకూడని పని. కాని కుక్కకు నేర్పాలంటే ఆ పూట ఆమె చట్టంతో పోట్లాట నాకు పనికిరాదు. ఇదొక్కటే నేను తేల్చుకున్నది.

అందుకని ఇంకో ప్రశ్న వేశాను. అసలు బయల్దేరకుండా బయల్దేరినట్టు చేస్తే? ఏ పనికీ పోకుండా బండి తీసి, గేటు దాటి, మళ్లీ లోపలికి వస్తే? దాని వెనుక పిలిస్తే?

"పనే లేనప్పుడు పాడయ్యేదేముంది," అంది అత్తమ్మ.

ఆ రోజునుంచి సాయంత్రం ఆరింటికి మా వాకిట్లో దొంగ ప్రయాణాలు మొదలయ్యాయి. నా భర్త దుకాణం నుంచి వచ్చి, ముఖం కడుక్కుని, టీ తాగి, మళ్లీ హెల్మెట్ పెట్టుకునేవారు. స్టాండు తీస్తారు, బండి స్టార్ట్ చేస్తారు, నేను గేటు తెరుస్తాను, ఆయన పోతారు. కుక్క దూకుతుంది. తాడు చివర నా చేతిలో. చప్పట్లు. లేదా తలుపు కడప మీద కూర్చున్న అత్తమ్మ "దా" అంటుంది. కుక్క తిరిగి వస్తుంది, కార్జం ముక్క తింటుంది. ఆయన సందు మొదటిదాకా పోయి తిప్పుకుని వస్తారు. మళ్లీ స్టాండు, మళ్లీ గేటు. పూటకు పదిసార్లు. మూడోరోజుకు సందులో వాళ్లు అరుగుల మీదికి చేరారు. బండి చాలూ అయితలేదా అన్నా అని ఒకరు, ఇంట్లోకి రానిస్తలేరా అని ఒకరు. పక్కింటి మామ భార్య మగ్గం దిగి వచ్చి నిలబడి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి వెళ్లింది. ఆమె నవ్వడం పోగులు తెగిన రోజు తరవాత అదే మొదటిసారి.

పదిరోజులకు తాడు విప్పాను. వచ్చేది. అయితే అవి సాయంత్రాలు, దొంగ ప్రయాణాలు. ఉదయం ఎనిమిదిన్నరకు మాత్రం దాన్ని డాబా మీద కట్టేసేవాళ్లం. నిజంగా బయల్దేరిన మనిషి వెనుక ఎవరూ ఒక్కసారి కూడా పిలవలేదు. చదువు అంతా అయింది, పరీక్ష మాత్రం రాయించలేదు.

అలాంటప్పుడు పక్కింటి మామ వచ్చి, ఎల్లుండి పడుగేస్తున్నామని చెప్పిపోయాడు. సరిగ్గా ఆ రోజే అత్తమ్మ కంటి ఆపరేషన్. కుడికంటికి శుక్లం. దవాఖాన వాళ్లు రోజు ఇచ్చి నెలయింది, మార్చడానికి లేదు. అత్తమ్మ మాకు చెప్పలేదు గాని భయపడుతోంది. రెండు రాత్రులుగా మంచం మీద అటూ ఇటూ కదులుతూనే ఉంది. ఎవరూ ఎదురు రావద్దని, ఎవరూ ఎటు అని అడగొద్దని సందులో ముందురోజే చెప్పి వచ్చింది. నేను దవాఖాన సంచీ సర్దాను.

ఆ ఉదయం కుక్కను డాబా మీద కట్టాను. ఇక్కడ తప్పు నాది. సాయంత్రాల పరుగులకు దాని మెడ ఒరుసుకుపోయి ఎర్రగా అయితే, రెండు రోజుల కింద బెల్టు ఒక రంధ్రం వదులు చేశాను. కట్టేటప్పుడు అది గుర్తులేదు.

ఆటో వచ్చి గేటు ముందు నిలబడింది. ఎడమవైపు సందు పొడవునా పడుగు, గంజి తడితో మెరుస్తోంది. ఆ దంపతులు చెరో వైపు కుంచెలతో నడుస్తున్నారు. నా భర్త సంచీ తీసుకుని ఆటోలో కూర్చున్నారు. అత్తమ్మ దేవుడి పటానికి దండం పెట్టుకుని, కుడికాలు ముందు పెట్టి కడప దాటింది, గేటు దాటింది. ఆమె వెనుక నేను. అప్పుడు మెట్ల మీద గోళ్ల చప్పుడు. నేను తిరిగేలోపు కుక్క నా పక్కనుంచి, అత్తమ్మ చీర కుచ్చిళ్లను రాసుకుంటూ గేటు బయట పడింది. బెల్టు డాబా మీదే ఉండిపోయింది. అది ఎడమకు తిరిగింది.

నా చేతులు రెండూ పైకి లేచాయి. చప్పట్లు కొడితే వస్తుంది. నాకు తెలుసు, వస్తుంది. కాని నా ముందు అత్తమ్మ వీపు ఉంది. కత్తి కింద కన్ను పెట్టడానికి పోతున్న మనిషి. ఇప్పుడు వెనుకనుంచి ఒక చప్పుడు వింటే ఆపరేషన్ బల్ల మీద కూడా ఆ చప్పుడే గుర్తుచేసుకుంటుంది. రెండు వారాలు రోజూ ఆమెను ధిక్కరించి పిలిచినదాన్ని, పిలవాల్సిన ఆ ఒక్కసారి నా చేతులు కలవలేదు.

పక్కింటి మామ కుంచె ఆపి కుక్కనే చూస్తున్నాడు. ఆయన భార్య పడుగుకు అడ్డంగా చేతులు చాపింది.

అత్తమ్మ తిరిగింది. పూర్తిగా, ఇంటివైపు ముఖం పెట్టి తిరిగి, ఎప్పటి గొంతుతోనే "దా బిడ్డా" అంది.

కుక్క పడుగుకు రెండు మూరల దూరంలో ఉంది. ముందుకాళ్లు నేలకు తన్ని పట్టి, జారి, దుమ్ము లేపి ఆగింది. ఒకసారి పోగుల వైపు చూసింది. తరవాత ఉరుక్కుంటూ వచ్చి ఆమె మోకాళ్లకు తల ఆనించింది. ఆమె దాని వీపు మీద చెయ్యి వేసింది. ఆటో ఆయన ఏం జరిగిందో తెలియక హారన్ కొట్టాడు.

అత్తమ్మ వెనక్కి నడిచి వచ్చి వాకిట్లో కుర్చీలో కూర్చుంది. "నిలవడ్డవేంది, నీళ్లు తే," అంది. తెచ్చాను. తాగింది. కుక్కను లోపలి గదిలో పెట్టి తలుపు వేశాను. ఆమె మళ్లీ లేచి, మళ్లీ కుడికాలు ముందు పెట్టి బయల్దేరింది. పక్కింటి మామ కుంచె మళ్లీ గంజిలో ముంచుతూ, మా వైపు చూడకుండా, "పిలిస్తే వస్తాంది గదా, ఉండనీ," అన్నాడు. నెక్కొండ సంగతి దాంతో ముగిసింది.

ఆటో కదిలింది. అత్తమ్మ కళ్లు మూసుకుని ఉంది. పద్ధతి ప్రకారం వెనక్కి వచ్చి కూర్చుని నీళ్లు తాగింది కాబట్టి భయం తీరిందేమో అనుకున్నాను. తీరలేదు. చేతివేళ్లు ఒకదాన్ని ఒకటి నలుపుతూనే ఉన్నాయి. కొంతదూరం పోయాక కళ్లు తెరవకుండానే అంది:

"నువ్వు పిలుస్తవనుకున్న."

మీరు బయల్దేరారు కదా అన్నాను.

"అయితే? ఇద్దరు ముసలోళ్లు తెల్లారకముందు లేసి ఏసిన పడుగు. ఖరాబైతే? నేను జర కూసుండి నీళ్లు తాగి పోదును గద."

ఆమె చట్టంలో తప్పు జరిగితే దిద్దుకునే దారి ఉంది, తెగిన పోగులకు లేదు. ఈ లెక్క ఆమెకు ఎప్పుడూ స్పష్టంగానే ఉంది. ఇన్నాళ్లు వాదించాను గాని, ఆ నియమాన్ని ఆమె దేనికంటే కింద పెడుతుందో ఒక్కసారి కూడా అడగలేదు. ఆమెను గౌరవించాననుకుని ఆగిన ఆ క్షణంలో, పక్కవాళ్ల కష్టం కంటే శకునమే ఎక్కువ అనుకునే మనిషని ఆమె గురించి తీర్మానించుకున్నది నేనే. ఇలా రాశాను కదా అని ఆ నియమం మంచిదని నేను ఒప్పుకున్నట్టు ఎవరూ చదవొద్దు. అది అప్పుడూ అర్థం లేనిదే, ఇప్పుడూ అర్థం లేనిదే.

ఆపరేషన్ సజావుగా జరిగింది. నీళ్లు తాగి బయల్దేరడం వల్లనే అని ఆమె, డాక్టరు వల్ల అని నేను.

మర్నాడు ఉదయం ఎనిమిదిన్నరకు కుక్కను కట్టేయలేదు. అత్తమ్మ కంటి మీద పచ్చ గుడ్డతో వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉంది. నా భర్త స్టాండు తీసి, గేటు దాటి, నిజంగా దుకాణానికి బయల్దేరారు. కుక్క దూకింది. నేను రెండు చప్పట్లు కొట్టాను. అది సందు మధ్యలో ఆగి, తిరిగి, వచ్చేసింది. స్కూటర్ మలుపు దగ్గర నెమ్మదించింది. ఆయన వెనక్కి రావాలా వద్దా అని చూస్తున్నారని నాకు అర్థమైంది.

"పొమ్మను వాన్ని, దుకాణానికి ఆల్‌శమైతాంది," అంది అత్తమ్మ.